పోర్ట్ హేల్‌కు రావలసిన ఆట

సిండర్ వీధి చివర బెర్నడెట్ వోయ్‌చిక్ నడిపే బార్‌కు పేరూ బోర్డూ ఉన్నాయి గాని, పోర్ట్ హేల్ ఊళ్లో ఎవరూ దాన్ని ఆ పేరుతో పిలవరు. "బెర్నీ దగ్గర కలుద్దాం" అంటే చాలు. తాత పెట్టిన బార్ అది. తండ్రి చేతి మీదుగా ఆమెకు వచ్చేసరికి ఉక్కు మిల్లు మూతపడింది. కుర్రవాళ్లు పనులు వెతుక్కుంటూ వెళ్లిపోయారు. ఊరు సగానికి సగం చిక్కిపోయింది. ఉన్నవాళ్లకు మిగిలింది స్టోకర్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఒక్కటే. కొలిమిలోకి బొగ్గు ఎగదోసే మనుషుల పేరు అది. ఆ పని చేసేవాళ్లు ఊళ్లో లేకుండా పోయినా పేరు మాత్రం జట్టుకు అలాగే ఉండిపోయింది.

ఆట ఉన్న ఆదివారం ఈరీ సరస్సు మీంచి వచ్చే గాలికి చెవులు తెగిపోతున్నా జనం బెర్నీ బార్ ముందు గుంపులు కట్టేవారు. అక్కడినుంచి స్టేడియానికి నడిచే వెళ్లొచ్చు. పాత స్టేడియానికి కప్పు లేదు. సీటు మీది మంచు చేత్తో ఊడ్చుకుని కూర్చోవాలి. ఫ్లోరిడా నుంచో కాలిఫోర్నియా నుంచో వచ్చిన జట్టు పళ్లు టకటకలాడిస్తూ మైదానంలోకి దిగితే, ఇక్కడివాళ్లకు ఆట మొదలవకముందే సగం గెలిచేసినంత సంబరం. అంత సంబరం చేసుకునే ఊరికి చాంపియన్‌షిప్ మాత్రం అందలేదు. ఎప్పుడో బెర్నీ పుట్టకముందు ఒకసారి స్టోకర్స్ ఆ ఆఖరి ఆట దాకా వెళ్లి ఓడిపోయారు. ఆ కథ తండ్రి చెప్పగా విన్నదే.

ఆ తండ్రి ఉన్న రోజుల్లోనే లమాంట్ టీగ్ వచ్చాడు. జార్జియా కుర్రాడు, కాలేజీ నుంచి నేరుగా జట్టులోకి వచ్చినవాడు. బార్ పైనున్న గదిలో అద్దెకు దిగాడు. మొదటిసారి మంచు పడుతుంటే మెట్ల మీద నిలబడి నోరు తెరుచుకుని చూశాడు. బెర్నీ తల్లి అతనికి ఉన్ని మేజోళ్లు అల్లి ఇచ్చింది, బంగాళాదుంప కూరి వెన్నలో వేయించిన పిరోగీలు పళ్లెం నిండా పెట్టి ఎదురుగా కూర్చుని తినిపించింది. తర్వాత అతను పెద్ద ఆటగాడయ్యాడు. అతనున్న వైపుకు బంతి తీసుకురావడానికి ఎదుటి జట్లు జంకేవి. పేరొచ్చింది, సరస్సు ఒడ్డున ఇల్లు వచ్చింది, చివరికి మోకాళ్లు అరిగిపోయాయి. ఆట మానేశాక కూడా ఊరు వదల్లేదు. జట్టు ఆఫీసులోనే, ఊరివాళ్ల మంచిచెడ్డలు చూసే ఉద్యోగంలో కుదురుకున్నాడు. బెర్నీ తండ్రి పోయినప్పుడు శవపేటికకు భుజం పట్టాడు. తోబుట్టువులున్నారా అని ఎవరైనా అడిగితే బెర్నీ, "ఒక్క తమ్ముడున్నాడు. మా అమ్మ వంటంతా వాడి ఒంటికే పట్టింది" అనేది.

అలాంటి లమాంట్ ఓ శరదృతువు మధ్యాహ్నం బార్ ఖాళీగా ఉన్నప్పుడు వచ్చి కౌంటర్ ముందు కూర్చున్నాడు.

"బెర్నీ, ఒకటి అడుగుతా. కాదనకు."

"మళ్లీ పైగదిలోకి దిగుతావా ఏంటి?"

"ఆ మెట్లు నా మోకాళ్లు ఎక్కలేవులే. నాకు నీ నోరు కావాలి."

"దాన్ని భరించలేకే మా ఆయన పారిపోయాడు. నీకెందుకురా?"

అతను నవ్వాడు గాని, విషయం చెప్పేటప్పుడు నవ్వు లేదు. జట్టు యజమాని స్టాడర్డ్ కప్పున్న కొత్త స్టేడియం కట్టాలంటున్నాడు. దానికి ఊరివాళ్లు అదనంగా పన్ను కట్టాలి. అందుకు ఒప్పుకుంటారో లేదో నవంబరులో ఓటు వేయాలి. ఊరు రెండుగా చీలిపోయి ఉంది. సిండర్ వీధి, దాని పక్కన లేకిన్ వీధి, ఆ చుట్టుపక్కల పాత మిల్లు కుటుంబాలన్నీ వద్దంటున్నాయి.

"వద్దనే అంటారు మరి. మంచులో ఆట చూడటం మా హక్కు. కప్పేసుకుని చూడాలంటే ఇంట్లో సోఫా లేదా?" అంది బెర్నీ.

"ఆ ఆఖరి ఆట ఎవరు ఆడినా ఏటా లీగ్ చెప్పిన ఊళ్లోనే కదా. కప్పు లేకపోతే ఫిబ్రవరిలో చాంపియన్‌షిప్ ఆట ఈ ఊరికి ఇవ్వరు బెర్నీ. ఎంత చచ్చినా ఇవ్వరు. కప్పు పడిందనుకో, ఆ ఆట ఇక్కడికొస్తుంది. స్టాడర్డ్ నా చేతిలో చెయ్యేసి చెప్పాడు."

బెర్నీ తుడుస్తున్న గ్లాసు కింద పెట్టింది. "నా మొహం చూసి చెప్పు."

"చూసే చెబుతున్నా. వస్తుంది. మీ నాన్న చూడలేదు, నువ్వు చూస్తావు."

అంతే. ఆ మాట పట్టుకుని ఆమె బయల్దేరింది. బార్‌ను పగలు మూసేసి ఒక్కో గుమ్మమే ఎక్కింది. వినేవాళ్లకు విడమరిచి చెప్పింది, విననివాళ్లతో పోట్లాడింది. చాంపియన్‌షిప్ మన వీధి చివర జరుగుతుందిరా, దేశమంతా మన ఊరు వస్తుంది, మన బార్‌లో నిలబడ్డానికి చోటుండదు, లమాంట్ మాటిచ్చాడు అంది. లమాంట్ పేరు చెప్పేసరికి చాలామంది మెత్తబడ్డారు. ఆ పేరుకు ఊళ్లో అంత విలువ ఉంది. దాన్ని మోసుకొచ్చింది బెర్నీ కాబట్టి ఇంకాస్త ఎక్కువైంది.

మెత్తబడని మనిషి నోరీన్ హేగర్టీ. బడి క్యాంటీన్‌లో వండి రిటైరైన మనిషి, బెర్నీకి చిన్నప్పటి నేస్తం. లేకిన్ వీధిలో ఆమె ఇల్లు సరిగ్గా కొత్త స్టేడియం కార్లు పెట్టే స్థలంలోకి వస్తుంది. బెర్నీ పిరోగీల పళ్లెం పట్టుకుని వెళితే వరండాలోనే నిలబెట్టి మాట్లాడింది.

"ఆట వస్తుందని ఎవరు చెప్పారు?"

"లమాంట్."

"లమాంట్‌కెవరు చెప్పారు?"

"స్టాడర్డ్."

"స్టాడర్డ్ నీకు చెప్పలేదేం మరి? మనకేసి ఎప్పుడన్నా చూశాడా ఆ మనిషి?" నోరీన్ గొంతు తగ్గించింది. "బెర్నీ, ఇల్లు పోతుందని కాదే నా ఏడుపు. దానికి ఖరీదు కట్టిస్తారు. నిన్ను వాడుకుంటున్నారు, అది నీకు కనపడటంలేదు."

"వాడు మా నాన్న పెట్టె మోశాడు నోరీన్! మా నాన్న మీద ఒట్టేసి చెబుతున్నా, ఆ ఆట వస్తుంది."

నోరీన్ పళ్లెం మీది గుడ్డ కూడా తీయకుండా తిరిగి ఆమె చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

ఓటు చాలా తక్కువ తేడాతో నెగ్గింది. సిండర్ వీధి వైపు ఓట్లే గట్టెక్కించాయని అందరూ అన్నారు. ఆ చలికాలంలోనే లేకిన్ వీధి ఇళ్లు కూల్చేశారు. నోరీన్ హైవే పక్కన ఓ అపార్ట్‌మెంటుకు వెళ్లిపోయింది. ఆ తర్వాత చర్చిలో ఎదురుపడినా బెర్నీకి తల ఊపడం తప్ప నోరు విప్పి పలకరించింది లేదు.

కొత్త స్టేడియం లేచింది. మొదటి ఆటకు వెళ్లినవాళ్లు లోపల వెచ్చగా ఉంటే ఏం చేయాలో తెలియక, విప్పిన కోట్లు ఒళ్లో పెట్టుకుని పెళ్లికి వచ్చిన పరాయివాళ్లలా కూర్చున్నారు. ఎవరైనా సణిగితే బెర్నీ ఊరుకునేది కాదు. "ఆ ఆట రానీ, అప్పుడు మాట్లాడు" అనేది.

ఓటు పడిన నాలుగో ఏట మే నెలలో, వచ్చే చాంపియన్‌షిప్ ఎక్కడో లీగ్ ప్రకటించే రోజు వచ్చింది. ఈసారి పోర్ట్ హేల్‌కేనని పేపర్లన్నీ ముందే రాశాయి. బార్‌లో కాలు పెట్టే చోటు లేదు. బెర్నీ స్టేడియం ఆకారంలో కేకు చేయించింది. లమాంట్ వస్తానన్నాడు గాని రాలేదు. అతని కోసం కౌంటర్ దగ్గర ఒక కుర్చీ ఖాళీగా పట్టి ఉంచారు.

టీవీలో సూటు వేసుకున్న పెద్దమనిషి, ఆట కొత్త తీరాలకు వెళుతోందని, ఇది చరిత్ర అని ఏదేదో చెప్పి చివరికి లండన్ అన్నాడు.

ఒక్కరూ కదల్లేదు. మిల్లులో పనిచేసి బెర్నీ తండ్రి నాటి నుంచీ అదే బల్ల దగ్గర కూర్చునే ముసలి స్టాష్, "సరస్సుకు అవతల కెనడాలో కూడా ఓ లండన్ ఉంది కదా. అదే అయ్యుంటుంది. పడవలో పోవచ్చు" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. స్టాష్ కూడా నవ్వలేదు. కాసేపటికి ఒక్కొక్కరే లేచి, బెర్నీ వైపు చూడకుండా కోట్లు వేసుకుని వెళ్లిపోయారు. తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకు.

లమాంట్ మూడో రోజున వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నాకూ అందరితోపాటే తెలిసింది బెర్నీ. స్టాడర్డ్ చివరిదాకా కొట్లాడాడు. మిగతా జట్ల యజమానులంతా ఒకటైపోయారు. ఏం చేస్తాడు?"

ఆమె అతని భుజం తట్టింది. కూర్చోబెట్టి ఎప్పటిలాగే భోజనం పెట్టింది. ఆ వేసవంతా బార్‌లో ఎవరు లమాంట్‌ను ఒక్క మాటన్నా మీద పడి నోరు మూయించింది. "వాణ్ణీ మనలాగే ముంచారు. ఇంకోసారి వాడి పేరెత్తితే నీ గ్లాసు బయట పెడతా" అంది.

ఊరిని ఇంకా ఏడిపించాలన్నట్టు, ఆ ఏడే స్టోకర్స్ గెలవడం మొదలుపెట్టారు. అక్టోబరులో గెలిచారు, నవంబరులో గెలిచారు, ఓడిపోవాల్సిన ఆటలూ గెలిచారు. జనవరిలో సొంత స్టేడియంలో జరిగిన ఆటలో నెగ్గి చాంపియన్‌షిప్‌కు అర్హత తెచ్చుకున్నారు. జనం ఒకరినొకరు కావలించుకుని ఏడ్చారు. అందులో సంతోషమెంతో దుఃఖమెంతో ఎవరికి వాళ్లకే తెలియదు. ఊరు మాట నమ్మి కప్పు వేసుకుంది. జట్టు ఇన్నాళ్లకు ఆఖరి ఆటకు చేరింది. ఆ ఆట మాత్రం సముద్రం అవతల.

స్టాష్ అన్నాడు, "పెళ్లికూతురు మనింట్లోదే, పెళ్లికొడుకూ మనింట్లోవాడే. మనల్నే పిలవలేదు."

ఆ వారమే లండన్ నుంచి టీవీ వాళ్లు వచ్చారు. అభిమానుల ఊరెలా ఉంటుందో చూపించాలట. వాళ్ల పెద్ద ఫిలిపా అనే ఆమె, బొద్దుగా, నవ్వుమొహంతో ఉంది. వచ్చీరాగానే బూట్ల మంచు దులుపుకుని ఎన్నాళ్లనుంచో తెలిసినదానిలా కబుర్లలో పడింది. బెర్నీకి ఆమె మీద కోపం తెచ్చుకోవాలని ఉన్నా రాలేదు. శుక్రవారం కావడంతో, బార్ ఆనవాయితీ ప్రకారం సరస్సు చేప వేయించి పెట్టింది.

ఫిలిపా ఒక ముక్క తిని కళ్లు మూసుకుంది. "లమాంట్ చెప్పింది నిజమే! మా దగ్గర చేప తిని, మా ఊళ్లో ఒకావిడ ఇంతకంటే బాగా వేయిస్తుంది అన్నాడు. మీరేనన్నమాట!"

"వాడు అక్కడికొచ్చాడా?" బెర్నీ నవ్వుతూనే అడిగింది. "ఎప్పుడు, మొన్న డిసెంబరులోనా?"

"అయ్యో, ఎప్పటి మాట! అసలు ఈ ఆట మా దగ్గర పెట్టాలని మొదటిసారి మాట్లాడటానికి వచ్చినప్పుడు. లమాంటూ, మీ స్టాడర్డ్ గారూ వచ్చారు. స్టాడర్డ్ గారిదే కదా అసలు ఆలోచన. అప్పుడు నేను ఆ స్టేడియంలో పనిచేసేదాన్ని, నిండు గర్భిణిని. వాళ్లకు స్టేడియం తిప్పి చూపిస్తుంటే మెట్లు ఎక్కలేకపోయాను. లమాంట్ నా సంచీ మోశాడు, పాపం. ఆ జులైలో, వాళ్లున్న వారంలోనే మా పాప పుట్టింది. ఇదిగో, నాలుగేళ్లు నిండి మొన్న సెప్టెంబరులో బడిలో చేరింది." ఫోను తీసి, బూడిదరంగు యూనిఫాంలో చిట్టి పళ్ల నవ్వుతో ఉన్న పిల్లను చూపించింది.

బెర్నీ ఆ పిల్లను చాలాసేపు చూసింది. బడిలో చేరిన పిల్ల. ఆ పిల్ల పుట్టిన వేసవి దాటగానే, ఆ శరదృతువులోనే లమాంట్ ఈ కౌంటర్ ముందు కూర్చుని నీ నోరు కావాలి అన్నాడు.

"ముద్దుగా ఉంది," అంది. తర్వాత కెమెరా ముందు వాళ్లు అడిగినవాటికి ఏం చెప్పిందో ఆమెకు గుర్తులేదు.

మర్నాడు లమాంట్ తనంతట తనే వచ్చాడు. మంచి హుషారు మీద ఉన్నాడు. లండన్ ఆటకు ఆమెను తీసుకువెళుతున్నామని, విమానం, హోటలు, తన పక్కనే సీటు, అన్నీ జట్టువేనని చెప్పుకుపోయాడు. "మాటిచ్చానా లేదా? చాంపియన్‌షిప్ చూస్తావన్నానా? చూస్తున్నావు!"

"కూర్చో," అంది బెర్నీ.

"ఏంటా గొంతు?"

"ఓటు పడిన ఏడాది వేసవిలో లండన్ వెళ్లావా?"

అతను టోపీ తీసి కౌంటర్ మీద పెట్టాడు. "ఎవరన్నారు?"

"నీకు అక్కడి చేప నచ్చలేదట."

అంత పెద్ద మనిషి కుర్చీలో చిన్నగా కనిపించాడు. "అప్పటికది ఉత్త మాటే బెర్నీ. అలాంటివి వంద అనుకుంటారు. ఒకటవుతుంది, తొంభైతొమ్మిది పోతాయి."

"అదే అయితే, పోయేది మన ఆటేనని నీకు తెలుసా, తెలీదా?"

"...తెలుసు."

"మేలో వచ్చి, అందరితోపాటే తెలిసిందన్నావు. స్టాడర్డ్ కొట్లాడాడన్నావు."

"ఏం చెప్పను మరి? నీ మొహం చూసి చెప్పలేకపోయా."

"నా మొహం చూసే కదరా అబద్ధం చెప్పావు!"

అతను ముందుకు వంగాడు. "సరే, విను. కప్పు పడకపోతే స్టాడర్డ్ జట్టునే ఎత్తుకెళ్లిపోయేవాడు. టెక్సస్‌లో మాట్లాడుకుని ఉన్నాడు. జట్టు మొత్తం పోవడమా, ఒక్క ఆట పోవడమా? నేనేది ఎంచుకోవాలో నువ్వే చెప్పు. మొన్నటి ఆటలో మీరంతా గంతులేశారంటే జట్టు ఇక్కడుండబట్టే. అది నేను నిలబెట్టా."

"ఆ మాటే నాకు చెప్పొచ్చుగా?"

"చెబితే తిరిగేదానివా?"

"తిరిగేదాన్నిరా! జట్టు పోతోంది, పట్టుకుందాం రండి అని ఇంకా గట్టిగా అరిచేదాన్ని. నిజమైతే ఇంకా గట్టిగా అరవొచ్చుగా!"

"ఆట ఒక్క ఊరి సొత్తు కాదు బెర్నీ. అక్కడ పిల్లలు మన జెర్సీలు వేసుకుని తిరుగుతున్నారు, నేను చూశా. వాళ్లకు మాత్రం ఒక్కసారి కళ్లారా చూడాలని ఉండదా? నేనెక్కడివాణ్ణి? జార్జియాలో మేకన్‌లో పుట్టినవాణ్ణి మీరు తెచ్చిపెట్టుకోలేదా?"

"పిల్లల మీద నాకేం కోపం? ఏడాదంతా ఆడుతూనే ఉంటారు కదా, అవన్నీ అక్కడ ఆడండి. ఆఖరిది ఇక్కడ ఉంచండి, దానికోసమే చలిలో కూర్చున్నాం అంటాను నేను. సరే, అదీ వదిలేయ్. నీ వాదనే గొప్పదనుకో. నువ్వే నెగ్గావనుకో. నాతో అబద్ధం చెప్పించమని ఏ వాదన చెప్పింది నీకు? ఊళ్లో ఇంకెవరికీ నువ్వు అబద్ధం చెప్పలేదు లమాంట్, తెలివైనవాడివి. అన్నీ నా నోటితో చెప్పించావు. నోరీన్ వరండాలో నిలబడి మా నాన్న మీద ఒట్టేశాను. ఆయన పెట్టె మోసిన చేతులు కదా అని."

అతని కళ్లు నిండాయి. అవి దొంగ కన్నీళ్లు కావు. అదే ఆమెకు భరించరానిదిగా ఉంది. దొంగవైతే సులువుగా ఉండేది.

"లండన్ రా బెర్నీ. నీ సీటు ఉంచుతా."

"టోపీ మర్చిపోకు," అని ఆమె వంటగదిలోకి వెళ్లిపోయింది.

ఆదివారం చర్చి అయ్యాక బెర్నీ హైవే పక్కనున్న ఆ అపార్ట్‌మెంటుకు వెళ్లింది. చేతిలో ఏ పళ్లెమూ లేదు. తలుపు తీసిన నోరీన్ ఆమె మొహం చూసి అడ్డం తప్పుకుంది. గదిలో లారీల మోత గోడల్లోంచి వినబడుతూనే ఉంది. బెర్నీ జరిగిందంతా చెప్పింది. ఫిలిపా పాప దగ్గరికి వచ్చేసరికి ఏడ్చేసింది.

"ఇప్పుడు క్షమించమని అడిగావంటే తలుపు వేసేస్తా," అంది నోరీన్.

"అడగను."

"నాకు కోపం నీ మీద ఎప్పుడూ లేదే పిచ్చిదానా. నువ్వు చెప్పేది నమ్మి చెబుతున్నావని నాకు తెలుసు. నా మాట మాత్రం నమ్మలేదు చూడు, అదీ నా బాధ. వాడితో నీకెన్నాళ్ల స్నేహం, నాతో ఎన్నాళ్లది?" కెటిల్ అందుకుంది. "టీ పెట్టనా? చక్కెర లేదు. డాక్టరు మాన్పించాడు."

"చక్కెర లేని టీ కూడా ఒక టీయేనా," అంది బెర్నీ, ఏడుస్తూనే.

ఆట రోజు మంచు దట్టంగా పడింది. లండన్‌లో సాయంత్రమంటే ఇక్కడ మధ్యాహ్నం. బెర్నీ చూడనని ఒట్టు పెట్టుకుంది గాని, బార్ మూయడానికి మనసొప్పలేదు. జనం కిక్కిరిసిపోయారు. ఆమె వంటగదిలోనే ఉండి చేపలు వేయిస్తూ, అవతలి కేకలను బట్టి ఏం జరుగుతోందో తెలుసుకుంటూ గడిపింది. ఆట సగమయ్యేసరికి వెనక తలుపు తోసుకుని నోరీన్ వచ్చింది, టోపీ మీద మంచుతో. ఏప్రాన్ ఒకటి తీసి కట్టుకుంది.

చివరికి అవతల గది ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దాన్ని బెర్నీ తట్టుకోలేకపోయింది. గరిటె పట్టుకునే బయటికి వచ్చింది. స్టోకర్స్ వెనకబడి ఉన్నారు, ఇంక ఒక్క ప్రయత్నమే మిగిలింది. బంతి గాలిలోకి లేచింది. మూలన ఎదుటి జట్టువాళ్లిద్దరి మధ్య ఎగిరిన స్టోకర్స్ కుర్రాడి చేతుల్లో పడింది. అతను రెండు కాళ్లూ గీత లోపలే ఆనించి పడిపోయాడు. అప్పుడు తన గొంతులోంచి వచ్చిన కేక తనదేనని బెర్నీకి తెలియలేదు. గరిటె ఎటో ఎగిరిపోయింది. స్టాష్ ఆమెను పట్టుకుని చిన్నపిల్లాడిలా గంతులేశాడు. ఆ కాసేపు లమాంటూ లేడు, లండనూ లేదు.

ఆ తర్వాత అందరూ వీధిలోకి పరిగెత్తారు. గెలిచిన ఊరు ఎక్కడికో పోవాలి గదా. ఎవరూ చెప్పకుండానే కాళ్లు స్టేడియం వైపు నడిచాయి. నాలుగు వీధుల జనం ఒకప్పుడు లేకిన్ వీధి ఉన్న చోట, కార్లు లేని ఆ ఖాళీ మైదానం దాటి, మోకాళ్ల లోతు మంచులో గేటు దగ్గరికి చేరారు. గేటుకు తాళం వేసి ఉంది. లోపల ఒక్క దీపం లేదు. ముందున్నవాళ్లు ఊచలు పట్టుకుని ఊపారు. వెనకున్నవాళ్లు ఇంకా పాడుతూనే ఉన్నారు. కొంతసేపటికి పాట కూడా సన్నగిల్లి, అందరూ ఆ నల్లటి కప్పుకేసి చూస్తూ నిలబడ్డారు.

బెర్నీ కోటు జేబులో ఫోను మోగింది.

"బెర్నీ! గెలిచాం! విను, విను ఈ గోల!" లమాంట్ గొంతు వెనక సముద్రంలాంటి హోరు. "నీ సీటు ఖాళీగానే ఉంది. ఎవర్నీ కూర్చోనివ్వలేదు."

"ఇక్కడ ఊరంతా స్టేడియం గేటు ముందు నిలబడి ఉంది లమాంట్. తాళం వేసి ఉంది. తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కో."

"నేనిక్కడ లండన్‌లో..."

"తెలుసు," అని ఆమె ఫోను పెట్టేసింది.

తాళంచెవి ఎవరూ తేలేదు. చీకటి పడేదాకా ఉండి జనం విడిపోయారు. తిరిగొస్తూ ఆ ఖాళీ మైదానంలో నోరీన్ ఒకచోట కాలు ఆనించి చుట్టూ చూసి, "ఇదిగో, సుమారుగా ఇక్కడే నా వంటిల్లు" అంది. బెర్నీ ఆమె చెయ్యి పట్టుకుంది.

వారం తర్వాత ఊరేగింపు జరిగింది. లమాంట్ బస్సు మీదినుంచి సిండర్ వీధి మలుపులో ఆమె కోసం వెతికాడని ఎవరో చెప్పారు. ఆమె వెళ్లలేదు.

మార్చిలో, ఈస్టరుకు ముందు మాంసం మానే శుక్రవారాల్లో ఒకరోజు, బార్ నిండా చేప తినేవాళ్లున్నప్పుడు అతను వచ్చాడు. గోల తగ్గిపోయింది. అతను అందరిలాగే వరసలో నిలబడి, తన వంతు వచ్చినప్పుడు కౌంటర్ మూలన కూర్చున్నాడు. అతని గడ్డంలో తెల్లదనం ఇంత ఉందని బెర్నీ ఎప్పుడూ గమనించలేదు. చెయ్యి చాచి భుజం పట్టుకుని ఊపేయాలని, ఎందుకు చేశావురా అని మళ్లీ మొదట్నుంచీ అడగాలని ఆమెకు అనిపించింది. అడిగినా వచ్చే జవాబు తెలుసు. అది సరిపోదనీ తెలుసు.

"చెప్పండి మిస్టర్ టీగ్," అంది. "మీకేం కావాలి?"

లమాంట్ ఆమెకేసి చూశాడు. తర్వాత మెనూ కేసి చూశాడు, మొదటిసారి వచ్చినవాడిలా.

"చేప," అన్నాడు మెల్లగా. "చేప చాలండీ."

ఆమె వెనక్కి తిరిగి, వంటగదిలో ఉన్న నోరీన్‌కు ఒక చేప అని కేక పెట్టి, వరసలో తర్వాతి మనిషి వైపు తిరిగింది.